ఏడో నంబరు కొక్కెం

అకర్స్‌లీ,
1990 జనవరి 16, మంగళవారం

ఐవీకి, అన్న రాసేది.

ఇక్కడ క్షేమం. నువ్వు వెన్నలో పెట్టి పంపిన రొయ్యల సీసా అందింది. సగం నేను తిన్నాను. సగం పిల్లి తిన్నది. నేను పెట్టలేదు, అదే తిన్నది.

రూబార్బ్ పులుపు కాడలు ఈసారి బాగా వచ్చాయి. చీకటి కొట్టంలో కొవ్వొత్తి పెట్టుకుని రోజూ కోస్తున్నాను. నడుము పట్టేస్తోంది. వయసు అరవై తొమ్మిది కదా.

అసలు సంగతి. మన రగ్బీ క్లబ్బు వరసగా ఏడు మ్యాచ్‌లు ఓడిపోయింది. ఏడోది అయిన అరగంటకే చైర్మన్ క్రౌదర్ గారు కోచ్‌ని పిలిచి ఇక చాలు అన్నాడు. ఆ మనిషి కోటు కూడా మర్చిపోయి వెళ్ళాడు. నేనే పట్టుకెళ్ళి బస్టాపులో ఇచ్చాను.

ఇప్పుడు కొత్త కోచ్‌ని పెట్టాలి. డైరెక్టర్లం అయిదుగురం. నిరుడు క్లబ్బు మూతపడబోతే ఊళ్ళో జనం నిలబెట్టారు కదా, అప్పటి నుంచి సభ్యుల తరఫున ఒకణ్ణి ఆ బల్ల దగ్గర కూచోబెట్టాలని రూలు. ఎవరితోనూ పోట్లాడని మనిషి కావాలని నన్ను కూచోబెట్టారు. నలభై ఏళ్ళు ఆటగాళ్ళ జెర్సీలు ఉతికాను, దెబ్బలకి కట్లు కట్టాను. అక్కడ మాట్లాడాల్సిన పని ఉండదు కాబట్టి ఒప్పుకున్నాను.

చివరికి రెండు పేర్లు మిగిలాయి. ఒకడు ఆస్ట్రేలియా మనిషి. ఇద్దరు డైరెక్టర్లు అతని వైపు. మిగిలిన ఇద్దరూ రెండో మనిషి వైపు. కాబట్టి నా చెయ్యి ఎటు లేస్తే అటు.

రెండో మనిషి డెరెక్ సగ్డెన్.

కాగితం మీద పేరు చూసి టీ కప్పు కింద పెట్టాను. నువ్వు చెప్పు, ఏం చెయ్యమంటావో.

నీ అన్న,
ఈనాక్ టోర్డాఫ్


మోర్‌కాంబ్,
1990 జనవరి 19

అన్నయ్యా,

నీ ఉత్తరం ఆ పేరు దాకా చదివేసరికి పెనం మీద బేకన్ మాడిపోయింది. నా లాడ్జి నాలుగో గదిలో బ్రష్షులు అమ్ముకునే ఆయన దిగాడు. మాడిన ముక్కలే తిని చాలా బాగుందన్నాడు. జనవరిలో ఈ సముద్రపొడ్డుకు వచ్చేవాళ్ళు ఏం పెట్టినా తింటారులే.

ఏం చెయ్యమంటావని నన్ను అడుగుతున్నావా? ముప్ఫై ఒక్క ఏళ్ళ నుంచి ఆ మనిషి ఏదో ఒక రోజు మన గుమ్మం ముందు చెయ్యి చాపుతాడని చూస్తున్నాను. హెరాల్డ్‌ను పెళ్ళి చేసుకున్న రోజున కూడా, చర్చి మెట్లు దిగుతూ ముందు అదే అనుకున్నాను. పాపం హెరాల్డ్ మంచివాడు, పోయేదాకా ఆ సంగతి తెలియలేదు.

నువ్వు మర్చిపోయి ఉంటావేమో. నేను చెబుతాను, విను. ఎమ్లిన్ ప్రాసర్ వేల్స్‌లో ఉక్కు ఫ్యాక్టరీ పనివాడు. అక్కడ పదిహేనుమంది ఆడే రగ్బీ ఆడేవాడు. మన పదముగ్గురి రగ్బీలో డబ్బిస్తారని, ఒక్కసారి మన మైదానంలో కాలు పెట్టినవాణ్ణి వాళ్ళు జన్మంతా వెలివేసేవాళ్ళు. అందుకని పరీక్షగా ఆడి చూపించడానికి వచ్చిన కుర్రాడి పేరు మనవాళ్ళు బయటపెట్టరు. జాబితాలో ‘మరొకరు’ అని రాస్తారు. ఫోటో తీస్తే మొహం చాటేసుకుంటాడు. ఎమ్లిన్ మన ఇంట్లోనే దిగాడు. నీ పాత చెప్పులు వేసుకుని, మన వంటింట్లో నాకు గిన్నెలు తుడిచి పెట్టాడు. తుడుస్తూనే, సంతకం అయితే ఊళ్ళో ఇల్లు చూసుకుందాం అన్నాడు.

ఫిబ్రవరి ఏడు, శనివారం, ఏడో నంబరు జెర్సీ. ఆ నంబరు అప్పటిదాకా సగ్డెన్‌ది. ఆ రోజు సగ్డెన్‌ను ఆరో నంబరుకు జరిపారు. వాడి మొహం నేను చూశాను. అంతకు నెల ముందే వాడు నన్ను డాన్సుకు రమ్మంటే రానన్నాను, అదీ ఉంది. బుధవారానికల్లా వేల్స్ రగ్బీ పెద్దలకు పేరుతో సహా తెలిసిపోయింది, వాడు కాక ఇంకెవరు చెబుతారు? వెలి. రెండో మ్యాచ్‌లో ఎమ్లిన్ మనసు మనసులో లేక ఆడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. చెయ్యి విరిగినవాణ్ణి మనవాళ్ళు తీసుకోలేదు. వెలి పడ్డవాణ్ణి వాళ్ళు తీసుకోలేదు. కన్నతండ్రే తలుపు వేశాడు. కెనడా గనుల నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత ఆరేళ్ళు చూశాను.

నువ్వు వెళ్ళి సగ్డెన్‌ను అడిగితే వాడేమన్నాడు? “ఒక వేల్స్‌వాడు తగ్గాడు, ఊరికి వచ్చిన నష్టమేంటి?” అని నవ్వాడు. ఈ మాట నువ్వే నాకు చెప్పావు.

కాబట్టి విను. కాగితం మీదే వద్దనకు. అది వాడికి చాలదు. ఇంటర్వ్యూకి పిలిపించు. సూటు కుట్టించుకోనీ. బూట్లు పాలిష్ చేసుకోనీ. వాళ్ళావిడ పక్కింటావిడకు చెప్పుకోనీ. కుర్చీ దాకా రానిచ్చి అప్పుడు లాగెయ్యి. లాగేటప్పుడు వాడి మొహం ఎట్లా ఉందో నాకు రాయి. నాకు ఇంకేమీ వద్దు.

నీ చెల్లెలు,
ఐవీ


అకర్స్‌లీ,
జనవరి 28, ఆదివారం

ఐవీకి, అన్న రాసేది.

ఇవాళ కూడా ఓడిపోయాం. వాన.

నువ్వు చెప్పినట్టే చేశాను. పిలవాలా వద్దా అని క్రౌదర్ గారు నా వైపు చూస్తే తల ఊపాను. ఫిబ్రవరి ఆరున ఇద్దర్నీ రమ్మన్నారు.

గురువారం సగ్డెన్ నా కొట్టానికి వచ్చాడు. నేను లోపల కోస్తున్నాను. తలుపు తీస్తే వెలుతురు పడి కాడలు పాడవుతాయని తెలుసు కాబట్టి చటుక్కున లోపలికి వచ్చి మూసేశాడు. అంతవరకు మర్యాద ఉంది.

“ఏం పెద్దాయనా, ఇంకా బతికే ఉన్నావా?” అన్నాడు.

“ఉన్నాను.”

“నీ చేతిలో ఓటుందంట.”

“ఉంది.”

“నాకు వేస్తావా?”

“చూడాలి.”

“నీతో మాట్లాడే కంటే గోలు స్తంభంతో మాట్లాడటం నయం. అది కనీసం బంతి తగిలితే మోగుతుంది” అన్నాడు.

నేను కొయ్యడం ఆపలేదు. ఆయన అక్కడే తిరగేసిన బుట్ట మీద కూచున్నాడు. కుడికాలు చాచి పెట్టుకున్నాడు. ఇంకా కుంటుతున్నాడు. ఆ మోకాలు నాకు తెలుసు. దాని గురించి నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఎప్పుడైనా చెబుతాను.

“మా అమ్మ పోయింది, నవంబర్‌లో. విన్నావా?” అన్నాడు. విన్నాను అన్నాను. “అంత్యక్రియలకు ఊళ్ళోంచి పదకొండు మంది వచ్చారు” అన్నాడు.

లేచేటప్పుడు “ఐవీ ఎట్లా ఉంది?” అన్నాడు. ఉంది అన్నాను. కాడలు ఒక కట్ట చేతిలో పెట్టాను. వచ్చినవాళ్ళకి పెట్టడం అలవాటు.

పిల్లి దగ్గుతోంది.

నీ అన్న,
ఈనాక్


మోర్‌కాంబ్,
ఫిబ్రవరి 1

అన్నయ్యా,

రూబార్బ్ పెట్టావా! వాడికా!

ఆ కొట్టంలోనే కదా ఎమ్లిన్‌కు నువ్వు కోత నేర్పింది? కొవ్వొత్తి పట్టుకుని నేను నిలబడ్డాను. ఇప్పుడు అదే బుట్ట మీద వాడు కూచుని కాలు చాచుకుంటే, నువ్వు కట్ట కట్టి సాగనంపుతావా? పై నుంచి నా పేరు వాడి నోట రానిస్తావా? “ఐవీ ఎట్లా ఉంది?” అంట. నా పేరెత్తితే నీ చేతిలో కొడవలి లేదూ?

లేదులే, కాడల్ని చేత్తోనే లాగుతారు. తెలుసు. కోపంలో రాశాను.

వాళ్ళమ్మ పోతే నన్నేం చెయ్యమంటావు? జాలిపడి నువ్వు మెత్తబడుతున్నావు. నీ సంగతి నాకు తెలుసు. ఎవరైనా నీ ఎదురుగా కూచుని రెండు నిమిషాలు మాట్లాడితే చాలు, వాళ్ళ జెర్సీ కూడా ఉతికి పెడతావు. అందుకే నా ఏర్పాట్లు నేను చేసుకున్నాను. మన ఊరి వారపత్రిక సంపాదకుడికి ఉత్తరం రాశాను. సగ్డెన్ పేరు, ఎమ్లిన్ పేరు, తారీఖులు, అన్నీ. “ఇటువంటి మనిషి చేతిలో మన కుర్రాళ్ళను పెడతారా?” అని ముగించాను. చక్కగా వచ్చింది. నాలుగో గది ఆయనకు చదివి వినిపిస్తే చెమటలు పట్టాయన్నాడు.

కవరు మీద స్టాంపు కూడా అంటించాను. గడియారం పక్కన పెట్టాను. నీ చెయ్యి సరైన వైపు లేచిందని తెలిస్తే అక్కడే ఉంటుంది. లేకపోతే పోస్టులో పడుతుంది.

ఐవీ

పిల్లి దగ్గుకి పాలు వెచ్చబెట్టి పొయ్యి.


అకర్స్‌లీ,
ఫిబ్రవరి 8

ఐవీకి.

ఇంటర్వ్యూలు అయ్యాయి. ఆస్ట్రేలియా ఆయనకు పళ్ళు బాగున్నాయి. మన కుర్రాళ్ళలో ఒక్కడి పేరు అడిగితే చెప్పలేకపోయాడు. సగ్డెన్ పదముగ్గురి పేర్లూ చెప్పాడు, వాళ్ళ తల్లుల పేర్లూ చెప్పాడు. ఎవడికి ఏ భుజం నొప్పో కూడా చెప్పాడు.

ఓటు ఆ రోజే వెయ్యాలి. నేను వద్దన్నాను. వాయిదా వెయ్యమన్నాను. నా గొంతు విని క్రౌదర్ గారు ఉలిక్కిపడ్డాడు. ఇరవయ్యో తారీఖున క్లబ్బు హాల్లో సభ్యులందరి ముందూ ఓటు పెడతామన్నాడు.

ఆ పత్రిక ఉత్తరం పోస్టు చెయ్యకు. ఎందుకో ఇప్పుడు అడగకు.

ఈనాక్


మోర్‌కాంబ్,
ఫిబ్రవరి 11

అన్నయ్యా,

ఏమిచ్చాడు నీకు?

నిజం చెప్పు. మైదానంలో గొడుగు కింద కుర్చీనా? నీ పేరు మీద గేటా? మళ్ళీ జెర్సీల గదికి తాళం చెవా? అది ఇస్తానంటే నువ్వు పడిపోతావు. నలభై ఏళ్ళు ఆ సబ్బు వాసనలోనే బతికావు కదా.

నోరు విప్పని మనిషివి, వాడి కోసం విప్పావు. ఎమ్లిన్‌ను తీసుకోబోమని కమిటీ చెప్పిన రోజున నువ్వు అదే గదిలో ఉన్నావు. ఒక్క మాట అన్నావా? బూట్లకు మైనం రాస్తూ కూచున్నావు. నేను తలుపు అవతల నిలబడి విన్నాను. నిన్ను ఏమీ అనలేదు, ఎందుకంటే నువ్వంతే అనుకున్నాను. మాట రాదు అనుకున్నాను. వస్తుందన్నమాట, సగ్డెన్ కోసమైతే.

పదహారో తారీఖు వరకు ఆగుతాను. నాకు సరైన కారణం రాకపోతే కవరు పోస్టు డబ్బాలో పడుతుంది. పత్రిక సోమవారం వస్తుంది, మంగళవారం మీ మీటింగు. ఊరంతా చేతిలో పట్టుకుని వస్తారు.

ఐవీ


అకర్స్‌లీ,
ఫిబ్రవరి 13

ఐవీకి, అన్న రాసేది.

ఇది నాలుగోసారి రాస్తున్నాను. మూడు పొయ్యిలో వేశాను.

ఆరో తారీఖున సగ్డెన్ ఇంటర్వ్యూకి ఒక పుస్తకం తెచ్చాడు. వాళ్ళమ్మ బీరువాలో దొరికిందట. కొడుకు గురించి పేపర్లో వచ్చిన ప్రతి ముక్కా కత్తిరించి అంటించింది. నేను ఈ ఊరివాణ్ణే, బయటివాణ్ణి కాదు అని చూపించడానికి తెచ్చాడు. బల్ల చుట్టూ చేతులు మారింది. క్రౌదర్ గారు ఒక పేజీ దగ్గర ఆగి “ఇదిగో ఈనాక్, నువ్వు ఉతికిన జెర్సీలు” అని నా వైపు తోశాడు.

1959, ఫిబ్రవరి. ఆ శనివారం గెలిచాక మన బట్టల గదిలో తీసిన ఫోటో. నగరం పేపర్లో మంగళవారం వేశారు. మన ఇంటికి ఆ పేపరు రాదు, మనం చూడలేదు. అందరూ నవ్వుతున్నారు. సగ్డెన్ నవ్వడం లేదు. చివర ఎమ్లిన్ ఉన్నాడు. చెప్పినట్టే తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు. గడ్డం కూడా కనపడదు.

తల మీద కొక్కెం ఉంది. కొక్కెం మీద దెబ్బలకి అంటించే ప్లాస్టర్ ముక్క. దాని మీద పేరుంది. పూర్తిగా ఉంది. ఎమ్లిన్ ప్రాసర్.

రాత నాది.

ఆటగాళ్ళ పేర్లు కొక్కేల మీద నేనే రాసి అంటించేవాణ్ణి. ఊదారంగు పెన్సిలు నాలిక మీద తడిపి రాసేవాణ్ణి. పరీక్షకు వచ్చినవాడికి రాయకూడదు. నంబరే. అది నాకు తెలుసు. ఆ రోజు ఎమ్లిన్ కొక్కెం కింద కూచుని వణుకుతున్నాడు. “అన్నా, ఈ గదిలో నేను ఎవరో గోడక్కూడా తెలీదు” అన్నాడు. నన్ను అన్నా అన్నాడు. నేను ప్లాస్టర్ చింపి పేరు రాసి అంటించాను. వాడు చూసి నవ్వాడు. ఆట అయ్యాక పీకేద్దామనుకున్నాను. గెలిచేసరికి మర్చిపోయాను. ఫోటో వాళ్ళు వచ్చినప్పుడు నేను బయట బకెట్లు కడుగుతున్నాను.

ఎవరూ చెప్పలేదు ఐవీ. సగ్డెన్ చెప్పలేదు. వేల్స్‌లో ఎవరో పేపరు చూసి ఉంటారు. చదువుకోవడం తప్ప వాళ్ళు చెయ్యాల్సింది ఏమీ లేదు.

సగ్డెన్‌కి ఇప్పటికీ తెలీదు. ఫోటో వాడి ఎదురుగానే ఉంది, వాడు తన మొహం తప్ప ఏమీ చూడలేదు. అందరం అంతే. నేను పుస్తకం మూసి వెనక్కి తోశాను. చేతులు బల్ల కింద పెట్టుకున్నాను.

ఇంకోటి ఉంది. మోకాలు. ఆ ఏడు ఈస్టర్ సోమవారం మ్యాచ్‌కి సగ్డెన్ మోకాలికి కట్టు కట్టాల్సింది నేను. వాడే చెప్పాడనుకుంటున్న రోజులు. నువ్వు అన్నం మానేసిన రోజులు. వదులుగా కట్టాను. తెలిసే కట్టాను. రెండో సగంలో మోకాలు తిరిగిపోయింది. చప్పుడు జనం నిలబడే గట్టు దాకా వినపడింది. పరిగెత్తుకెళ్ళి పట్టుకుని లేపింది నేనే. “నీ కట్టు మంచిదే పెద్దాయనా, నా ఖర్మ” అన్నాడు. వాడు మళ్ళీ పెద్ద ఆట ఆడలేదు. నాకు అప్పుడు సంతోషమైంది. అది కూడా రాయాలి కాబట్టి రాశాను.

ఇప్పుడు ఆ కవరు సంగతి నువ్వు చూసుకో.

ఈనాక్


మోర్‌కాంబ్,
ఫిబ్రవరి 15

ఈనాక్,

కవరు పొయ్యిలో వేశాను. స్టాంపు తీసి దీనికి అంటించాను.

రెండు రోజులు వంట చెయ్యలేదు. నాలుగో గది ఆయనే నాకు గుడ్డు ఉడకబెట్టి ఇచ్చాడు.

నిన్ను తిట్టడానికి కూచుంటే మాటలు రావడం లేదు. ఉన్న తిట్లన్నీ సగ్డెన్‌కు సరిపోయేట్టు కుట్టుకున్నాను. అవి నీకు పట్టవు. యాభై అయిదేళ్ళ వయసులో కొత్త మనిషిని ద్వేషించడం మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. కానీ ఊరికే వదిలిపెట్టను. వదిలిపెడతానని అనుకోకు.

ఇరవయ్యో తారీఖున హాల్లో నువ్వు లేచి నిలబడాలి. కాగితం పట్టుకోకూడదు. క్రౌదర్ చేత చెప్పించకూడదు. అందరి ముందూ, సగ్డెన్ ముందూ, నీ నోటితో చెప్పాలి. రెండూ. పేరూ, మోకాలూ. సిగ్గని తల వంచుకోకూడదు. నీకు అంతకంటే పెద్ద శిక్ష దేవుడు కూడా వెయ్యలేడని నాకు తెలుసు. అందుకే వేస్తున్నాను.

తర్వాత నీ ఓటు నీ ఇష్టం. ఏటా వచ్చినట్టు వేసవిలో ఇటు రావద్దు.

ఐవీ


అకర్స్‌లీ,
ఫిబ్రవరి 22

ఐవీకి, ఈనాక్ రాసేది.

చెప్పాను.

రెండు వందల మంది ఉంటారు. బీరు వాసన. ముందు వరసలో ఆస్ట్రేలియా ఆయన, ఈ చివర సగ్డెన్, పక్కన వాళ్ళావిడ. ఓటు అనగానే లేచాను. కుర్చీ పడిపోయింది. దాన్ని ఎత్తి నిలబెట్టి అప్పుడు చెప్పాను.

“ఎమ్లిన్ ప్రాసర్ పేరు బయటపెట్టింది సగ్డెన్ కాదు. నేను. సగ్డెన్ వాళ్ళమ్మ పుస్తకంలో ఆ ఫోటో ఉంది, అందులో కొక్కెం మీద పేరు రాసింది నేను. సగ్డెన్ మోకాలికి వదులుగా కట్టింది కూడా నేనే.”

వెనక నుంచి ఎవడో “ఏమన్నాడు? గట్టిగా చెప్పవయ్యా, నువ్వేమైనా చర్చిలో ఉన్నావా!” అని అరిచాడు. కాబట్టి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారే కష్టమైంది. మొదటిసారి నేను చెబుతున్నానని నాకు తెలీదు.

సగ్డెన్ లేచి కుంటుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు. చంకలోని పుస్తకం బల్ల మీద పెట్టి తెరిచాడు. కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పేజీ చూశాడు. చాలాసేపు చూశాడు.

“ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇది మా ఇంట్లోనే ఉంది” అన్నాడు. “మా అమ్మ సహకార దుకాణంలో క్యూలో నిలబడితే ముందొక మనిషి జాగా, వెనకొక మనిషి జాగా ఖాళీగా ఉండేది. నేనే చేశానేమోనని చివరికి ఆవిడ కూడా ఒకసారి అడిగింది.”

“ఆ రోజు నువ్వు నవ్వావు” అన్నాను.

“నవ్వాను. నా నంబరు నాకొచ్చింది, నవ్వనా? నవ్వడం వేరు, చెప్పడం వేరు పెద్దాయనా.”

తర్వాత నా మొహం మీదికి వంగాడు. కొడతాడనుకున్నాను. కొట్టమనే నిలబడ్డాను. “అరవై తొమ్మిదేళ్ళ ముసలాణ్ణి కొడితే నా మోకాలే పోతుంది” అన్నాడు. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

నా ఓటు చెల్లదని వెనకెవడో అన్నాడు. చెల్లుతుందని క్రౌదర్ గారు అన్నాడు. చెయ్యి ఎత్తాను. సగ్డెన్‌కి ఎత్తాను. జాలితో కాదు. కుర్రాళ్ళ భుజాలు తెలిసినవాడు ఒక్కడే అక్కడ. మూడు, రెండు. అయిపోయింది.

అప్పుడు సగ్డెన్ ఒక షరతు పెట్టాడు. నేను డైరెక్టరు కుర్చీ వదిలెయ్యాలి. ప్రతి ఆదివారం మైదానం పక్క బెంచీ మీద తన పక్కన కూచోవాలి, ఊరంతా చూసేట్టు. బకెట్ మొయ్యాలి. ఆటకు ముందు బట్టల గదిలో కుర్రాళ్ళందరి ఎదుటా తన మోకాలికి నేనే కట్టు కట్టాలి. గెలిచినా ఓడినా, వాడు కోచ్‌గా ఉన్నన్నాళ్ళూ. ఎందుకు కడుతున్నానో కొత్తగా వచ్చిన ప్రతివాడికీ నేనే చెప్పాలి.

క్రౌదర్ గారు “ఇది పగా, పనా?” అన్నాడు.

“రెండూ” అన్నాడు సగ్డెన్.

నేను సరేనన్నాను. హాల్లోంచి బయటికి వచ్చేటప్పుడు జనం నాకు ముందూ వెనకా జాగా వదిలారు.

నిన్న బట్టల గదికి వెళ్ళాను. కొక్కేలు అవే. పెన్సిలు కొత్తది కొన్నాను. పదముగ్గురి పేర్లు రాశాను, ఆగి ఆగి. ఏడో నంబరు కుర్రాడి పేరు కింద ఇంకో ముక్క అంటించి ఎమ్లిన్ ప్రాసర్ అని రాశాను. సగ్డెన్ వచ్చి చూశాడు. పీకెయ్యమంటాడనుకున్నాను. వేలితో అంచు అదిమి, “ఇది ఊడొస్తోంది, సరిగ్గా అంటించు” అని వెళ్ళిపోయాడు.

ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం మన ఊళ్ళోనే ఆట. మార్చి నాలుగు.

పిల్లి దగ్గు తగ్గింది.

ఈనాక్


(పోస్టుకార్డు)
మోర్‌కాంబ్, ఫిబ్రవరి 26

ఈనాక్,

నాలుగో తారీఖున వస్తున్నాను. నీ కోసం కాదు. సగ్డెన్‌కు రొయ్యల సీసా తెస్తున్నాను. వాళ్ళమ్మకు ఇవ్వాల్సింది. ఆ క్యూలో ఆవిడ వెనక జాగా మొదట వదిలింది నేను.

అందరూ చూస్తుండగా నువ్వు బకెట్ మొయ్యడం చూస్తాను. కట్టు గట్టిగా కట్టు, నేను వేలు పెట్టి చూస్తాను.

ఆడవాళ్ళు బట్టల గదిలోకి రాకూడదంటే, ఆ మాట క్రౌదర్‌ను నా మొహం మీద చెప్పమను. ఏడో నంబరు మీది పేరు నేను వచ్చేదాకా పీకకు. కళ్ళద్దాలు తెచ్చుకుంటున్నాను. అది చదివాక, నిన్ను అన్నయ్యా అని పిలవాలో వద్దో అక్కడే నిలబడి ఆలోచిస్తాను.

ఐవీ